స్టెరాయిడ్ మొదలుపెట్టారా? అయితే సాయంత్రం షుగర్ చూడమనండి

2021 మే నెలలో ఒక ఉదయం ఒకే గంటలో ఇద్దరు నన్ను కోవిడ్ వార్డు తలుపు దగ్గర నిలదీశారు. మొదటాయన "సిస్టర్, మా నాన్నకు స్టెరాయిడ్ ఇస్తున్నారట. కిడ్నీలు పాడైపోతాయంటున్నారు, ముందు అది ఆపించండి" అన్నాడు. ఆయన అటు వెళ్లాడో లేదో ఇంకొకాయన వచ్చి, "పక్క మంచం పెద్దాయనకు స్టెరాయిడ్ ఇస్తున్నారు, మా అన్నకు ఎందుకు ఇవ్వరు? బయట కొనుక్కు రమ్మంటే తెస్తాం కదా" అన్నాడు. మొదటాయన తండ్రికి నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ నడుస్తోంది. రెండో ఆయన అన్నకు జ్వరం మొదలై అది మూడో రోజు. మామూలు గాలి పీలుస్తూనే సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 97 ఉంది. డాక్టరుగారు ఒకరికి రాసి, ఇంకొకరికి రాయకపోవడం రెండూ సబబే. ఆ మాట ఇద్దరికీ విప్పి చెప్పే తీరిక ఆ రోజు నాకు లేదు. ఇప్పుడు ఉంది.

గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 22 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇది డాక్టర్లకు చెప్పే పాఠం కాదు. మనిషిని ఆసుపత్రిలో చేర్చి, మంచం పక్కన స్టూలు మీదో, వరండాలో దుప్పటి పరుచుకునో కూర్చున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఏం అడగాలి, ఏం గమనించాలి, దేనికి అడ్డుపడకూడదు అన్నంతవరకే. మోతాదులు రాస్తున్నది కేస్ షీటు చూస్తే మీకు అర్థం కావడానికి. ఇంట్లో కొలుచుకుని వేసుకోవడానికి మాత్రం కాదు.

ముందు ఒక సంగతి మనసులో నాటుకోవాలి. స్టెరాయిడ్ వైరస్‌ను చంపదు. కోవిడ్‌లో మొదటి వారం వైరస్ పెరిగే కాలం. ఆ రోజుల్లో మన రోగనిరోధక శక్తి దానితో పోరాడుతూ ఉంటుంది, దాన్ని పోరాడనివ్వాలి. చాలామందికి కథ అక్కడితో ముగుస్తుంది. కొందరికి మాత్రం వారం దాటుతుండగా ఆ పోరాటమే అదుపు తప్పుతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, ఒంట్లో లేచిన వాపు ఊపిరితిత్తుల్లోని గాలి గదులనే నీటితో నింపేస్తుంది. ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే. స్టెరాయిడ్ పని ఆ మంట మీద నీళ్లు చల్లడం. మంట లేని ఇంట్లో నీళ్లు చల్లితే మిగిలేది తడిసిన సామాను. పైగా వైరస్‌తో పోరాడవలసిన శక్తిని మనమే జోకొట్టినట్టు అవుతుంది.

ఇది నా ఊహ కాదు. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు రికవరీ అనే పెద్ద పరిశీలన చేసి, 2020 జూన్ 16న ఫలితం చెప్పారు. 2,104 మందికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మి.గ్రా. చొప్పున గరిష్ఠంగా పది రోజులు ఇచ్చారు. 4,321 మందికి అది లేకుండా మామూలు వైద్యం చేశారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో చనిపోయినవారు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గారు. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవాళ్లలో 26.2 నుంచి 23.3కు తగ్గారు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మేలు ఏమీ కనబడలేదు. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో 17.8 శాతం, ఇవ్వనివాళ్లలో 14 శాతం చనిపోయారు. ఆ తేడా కాకతాళీయం కావచ్చు, కాకపోనూవచ్చు. మేలు లేని చోట ఆ ప్రమాదం నెత్తిన వేసుకోవడం దేనికి? మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఆ నెల 27న డెక్సామెథాసోన్‌ను తన చికిత్సా విధానంలో చేర్చింది.

కాబట్టి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న "స్టెరాయిడ్ ఇస్తున్నారా?" అని కాదు. "ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ ఎంత ఉంది? జ్వరం మొదలై ఎన్నో రోజు?" అని అడగండి. రెండో దానికి జవాబు నిజానికి మీ దగ్గరే ఉంటుంది. మా దగ్గరకు వచ్చిన చాలామంది ఆసుపత్రిలో చేరిన రోజును మొదటి రోజుగా చెప్పేవారు. అలా కాదు. ఒళ్లు నొప్పులో, గొంతు నొప్పో, జ్వరమో ఏది ముందు వచ్చిందో ఆ తేదీ చెప్పండి. ఆదివారమో, ఊళ్లో పెళ్లి జరిగిన మర్నాడో, ఏదో ఒక గుర్తు పట్టుకుని లెక్కేసి చెప్పండి.

మొదటి డోసు పడేలోపు చెప్పవలసినవి

ఇక్కడ మొహమాటం పనికిరాదు. షుగర్ ఉందా, ఎప్పుడైనా క్షయ వచ్చిందా, కడుపులో పుండు ఉందా, కామెర్లలో బి రకం ఉందని ఎవరైనా చెప్పారా, కంట్లో ఒత్తిడికి చుక్కలు వేసుకుంటున్నారా, ఆడవాళ్లయితే గర్భవతా? ఇవన్నీ అడగకముందే చెప్పండి. గర్భవతులకు స్టెరాయిడ్ మానేయరు, రకం మారుస్తారు. రికవరీలో వారికి ప్రెడ్నిసొలోన్ గానీ హైడ్రోకార్టిసోన్ గానీ వాడారు. చెప్పులు లేకుండా పొలంలో దిగే మనిషి అయితే ఆ మాటా చెప్పండి. మట్టిలోంచి అరికాలి గుండా లోపలికి వెళ్లే ఒక రకం పురుగు పేగుల్లో ఏళ్ల తరబడి కిమ్మనకుండా ఉండి, స్టెరాయిడ్ పడగానే ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. అనుమానం ఉంటే డాక్టరు దానికీ ఒక బిళ్ల రాస్తారు.

అందరూ దాచే సంగతి ఇంకొకటి ఉంది. ఇక్కడికి రాకముందు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఏం వేయించుకున్నారు? "రెండు ఇంజక్షన్లు వేశాడు, హుషారుగా అనిపించింది" అన్నారంటే అందులో ఒకటి స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. మోకాళ్ల నొప్పులకు పేరు లేని పొట్లాలు ఏళ్లుగా మింగే పెద్దవాళ్లు మా జిల్లాలో కొల్లలు. ఆ పొట్లాల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. అలాంటివారి శరీరం తన స్టెరాయిడ్‌ను తాను తయారు చేసుకోవడం తగ్గించుకుని ఉంటుంది. మందు హఠాత్తుగా ఆగితే రక్తపోటు పడిపోవచ్చు. ఒక ముసలమ్మ చీర కొంగు ముడిలోంచి అలాంటి పొట్లాలు మూడు తీసి నా చేతిలో పెట్టింది. "కొడుకుతో అనకు తల్లీ, తిడతాడు" అంది. కొడుకుతో అనలేదు, డాక్టరుతో అన్నాను. ఇంట్లో ఉన్న బిళ్లలు, పొట్లాలు, పాత చీటీలు అన్నీ ఒక కవరులో వేసుకుని రండి. ఎవరూ తిట్టరు.

ఇంజక్షన్ గురించి

మా దగ్గరకు వచ్చేది డెక్సామెథాసోన్ 2 మి.లీ. సీసా. మందు 8 మి.గ్రా. ఉంటుంది. రోజుకు 6 మి.గ్రా. అంటే సిరంజిలోకి ఒకటిన్నర మి.లీ. తీస్తాం. "సీసాలో ఇంకా ఉంది, అంతా వేసేయండి సిస్టర్, పారేయడం ఎందుకు" అని ఒకాయన నాతో గట్టిగానే వాదించాడు. కొంచెం మంచిదైతే ఎక్కువ మరింత మంచిది కదా అని ఆయన లెక్క. పులిహోరలో ఇంగువకు కూడా ఆ లెక్క చెల్లదు. అదే రికవరీ బృందం తరువాత ఎక్కువ మోతాదునూ పరీక్షించింది. ఐదు రోజులు 20 మి.గ్రా., తరువాతి ఐదు రోజులు 10 మి.గ్రా. ఇచ్చి చూసింది. మామూలు ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, ఆక్సిజన్ అక్కరలేనివాళ్లు కలిపి చూస్తే, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో 19 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవారిలో 12 శాతం చనిపోయారు. మామూలు వైద్యంలో ఉన్నవారిలోనూ చాలామందికి తక్కువ మోతాదు స్టెరాయిడ్ అందుతూనే ఉంది. పక్క జిల్లాలో మీ బావమరిదికి ఎక్కువ ఇచ్చారని ఇక్కడ డాక్టరు మీద ఒత్తిడి తేవద్దు.

కేస్ షీటులో వేరే పేరు, వేరే అంకె కనబడితే కంగారు పడకండి. డెక్సామెథాసోన్ 6 మి.గ్రా. బలం మిథైల్ ప్రెడ్నిసొలోన్ 32 మి.గ్రా.కు, ప్రెడ్నిసొలోన్ 40 మి.గ్రా.కు ఇంచుమించు సమానం. అంకె పెద్దదైనంత మాత్రాన మందు ఎక్కువైనట్టు కాదు. మింగగలిగిన మనిషికి ఇంజక్షన్ బదులు బిళ్ల ఇస్తే "నిర్లక్ష్యం చేస్తున్నారు" అనుకోవద్దు. రికవరీలోనూ బిళ్ల, ఇంజక్షన్ రెండూ వాడారు.

ఇంకో చిన్న సంగతి. రోగులు సిగ్గుపడి చెప్పరు కనుక నేనే చెబుతున్నాను. ఈ ఇంజక్షన్ నరంలోకి గబుక్కున తోస్తే మర్మస్థానం దగ్గర ఒక్కసారిగా మంట, చీమలు కుట్టినట్టు దురద పుడతాయి. నిమిషంలో తగ్గిపోతుంది. అలా అయితే "సిస్టర్, కొంచెం మెల్లగా" అనండి చాలు. మాకు అర్థమవుతుంది.

ఖరీదు మాట కూడా చెబుతాను. ఈ సీసా వెల కొద్ది రూపాయలు. ఆ రోజుల్లో రెమ్‌డెసివిర్ అనే వైరస్ మందు కోసం గాజులు తాకట్టు పెట్టి ఊళ్లు పట్టుకు తిరిగిన కుటుంబాలు నా కళ్ల ముందే ఉన్నాయి. వాళ్ల మనిషికి ప్రాణాధారమైన మందు అప్పటికే మా ట్రేలో ఉందంటే నమ్మేవారు కాదు. చవక మందు అంటే మనవాళ్లకు ఎందుకో గౌరవం ఉండదు.

షుగర్: మీరు చేయగల అసలైన కాపలా

స్టెరాయిడ్ మొదలైన ప్రతి మనిషికీ, ముందు షుగర్ ఉన్నా లేకపోయినా, రక్తంలో చక్కెర పెరిగే అవకాశం ఉంది. పెరిగే తీరులో ఒక మాయ ఉంది. మందు పొద్దున వేస్తాం కదా, దాని ప్రభావం మధ్యాహ్న భోజనం నుంచి రాత్రి దాకా ఎక్కువగా కనిపిస్తుంది. ఉదయం పరగడుపున చూస్తే అంకె బుద్ధిమంతుడిలా ఉంటుంది. ఒక స్కూలు మాస్టారికి పొద్దున 118. వాళ్ల అబ్బాయి ఆ అంకె అందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. అదే రోజు సాయంత్రం ఆరు గంటలకు 386. ఆయనకు అంతకుముందు షుగరే లేదు. అందుకే రోజుకు ఒక్కసారి, అదీ పొద్దున మాత్రమే చూస్తుంటే, "మధ్యాహ్నం, రాత్రి భోజనాల ముందు కూడా చూడండి" అని మర్యాదగా అడగండి. అడిగే హక్కు మీకుంది. సాధారణంగా ఆసుపత్రిలో 140 నుంచి 180 మధ్య ఉంచాలని చూస్తారు. దాటితే ఇన్సులిన్ ఇస్తారు. "ఇన్సులిన్ అలవాటైపోతుందేమో" అని భయపడి వద్దనకండి. స్టెరాయిడ్ ఆగాక చాలామందికి దాని అవసరమూ తగ్గిపోతుంది.

వేలు గుచ్చే ముందు చెయ్యి కడిగించండి. ఒకసారి మీటరు 412 చూపించింది. ఇన్సులిన్ సిరంజిలోకి తీయబోతూ ఆ మనిషి వేళ్లు చూశాను. అప్పుడే బత్తాయి తొనలు ఒలిచి తిన్నాడు, వేళ్లు జిగటగా ఉన్నాయి. నీళ్లతో కడిగి, బాగా తుడిచి, ఇంకో వేలు గుచ్చితే 190. ఆ 412 నమ్మి ఇన్సులిన్ ఇచ్చి ఉంటే ఆయన చెమటలు పట్టి పడిపోయేవాడు.

ఇన్సులిన్ పడ్డాక భోజనం ఆలస్యం కానివ్వకండి. ఇంటి నుంచి క్యారియర్ వచ్చే దాకా ఆగుదాం అనుకుంటే, ఇంజక్షన్ వేసే ముందే ఆ మాట మాకు చెప్పండి. వేశాక కాదు. నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ నీళ్లు, కొబ్బరినీళ్లు, పళ్ల రసాలు ఆపకుండా తాగించవద్దు. ఇడ్లీ, పప్పన్నం, గుడ్డు, మజ్జిగ చాలు. స్టెరాయిడ్ ఆకలిని కూడా పెంచుతుంది. "రెండు ప్లేట్లు తిన్నాడు, కోలుకున్నట్టే" అని మురిసిపోయి మూడో ప్లేటు పెట్టకండి.

రాత్రిళ్లు

స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది. పొద్దున్నే వేయడానికి అదీ ఒక కారణం. కొందరికి మాట ఎక్కువవుతుంది, చిరాకు పడతారు, ఏడుస్తారు. మా వార్డులో ఒక పెద్దాయన రాత్రి రెండు గంటలకు బంధువులందరికీ వరుసగా ఫోన్లు చేసి, లేని ఎకరాలు పంచిపెట్టాడు. పొద్దున ముగ్గురు వాటాదారులు వచ్చారు. నవ్వొచ్చినా, అలాంటప్పుడు ముందు చేయవలసింది వేలికి ఆక్సీమీటర్ పెట్టడం. తిక్కమాటలు స్టెరాయిడ్ వల్ల రావచ్చు. ఆక్సిజన్ పడిపోయినా అచ్చం అలాగే మాట్లాడతారు. మాస్కు పీకేశాడేమో చూడండి, వెంటనే నర్సును పిలవండి. "మందు వల్లేలే" అని మీరే తీర్మానించుకుని పడుకోవద్దు.

సాచురేషన్ 92 నుంచి 96 మధ్య ఉంటే చాలు. 100 రావాలని మీరే ఆక్సిజన్ తిప్పకండి. ఏళ్లుగా ఊపిరితిత్తుల జబ్బుతో (సీఓపీడీ) ఆయాసపడే రోగులకు లక్ష్యం ఇంకా తక్కువ, 88 నుంచి 92. డాక్టరు బోర్లా పడుకోమంటే, పడుకోబెట్టి వీపు నిమురుతూ పక్కన కూర్చోండి. ఆ పని మాకంటే మీరే బాగా చేయగలరు.

ఇంకో మెలిక. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పేస్తుంది. కొత్తగా ఇంకో ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఒళ్లు వెచ్చబడకపోవచ్చు. అందువల్ల థర్మామీటరును మాత్రమే నమ్ముకోకుండా కళ్లతో చూడండి. కఫం రంగు మారిందా, కాన్యులా (నరంలో ఉంచే సూది గొట్టం) పెట్టిన చోట ఎర్రబడి నొప్పిగా ఉందా, నాలుక మీద పెరుగు పూసినట్టు తెల్లగా ఉందా, విరేచనం తారులా నల్లగా వచ్చిందా? చివరిది కడుపులో రక్తస్రావానికి గుర్తు. అది కనబడితే తెల్లారే దాకా ఆగకండి. స్టెరాయిడ్ మీద ఉండగా ఒళ్లు నొప్పులకు బయట కొన్న డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు ఇవ్వవద్దు.

"కోవిడ్‌కు ఇచ్చారు కదా, మా వాడి స్వైన్ ఫ్లూకు ఎందుకు ఇవ్వరు?" అని అడిగేవారు ఉన్నారు. ఊపిరితిత్తులు ఒకటే అయినా జబ్బులు ఒకటి కావు. ఫ్లూ న్యుమోనియాలో స్టెరాయిడ్ వాడినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నట్టు పాత పరిశీలనల్లో కనబడింది. అక్కడ ముందు పడవలసింది ఒసెల్టామివిర్ అనే ఫ్లూ వైరస్ మందు, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆస్తమా లాంటి వేరే కారణం ఉంటే స్టెరాయిడ్ ఇస్తారు. అది ఫ్లూ కోసం కాదు.

ఎప్పుడు ఆపాలి

మొదటి డోసు పడిన తేదీని సెల్‌ఫోనులోనో, క్యాలెండరు మీదో రాసుకోండి. కోవిడ్‌కు గరిష్ఠంగా పది రోజులు. అంతకుముందే కోలుకుని ఇంటికి వెళుతుంటే సాధారణంగా ఆ రోజుతోనే ఆపేస్తారు. డిశ్చార్జి చీటీలో స్టెరాయిడ్ పేరు కనబడితే, "ఇది ఏ తేదీ దాకా?" అని అడిగి ఆ తేదీ చీటీ మీదే రాయించుకోండి. పది రోజుల లోపు వాడినదాన్ని మెల్లమెల్లగా తగ్గించనక్కరలేదు. ఎక్కువ రోజులు వాడినవారు, ముందు నుంచీ ఆ పొట్లాలు మింగేవారు మాత్రం డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే దిగాలి. చీటీ పట్టుకుని మందుల షాపులో మళ్లీ మళ్లీ కొనడం ఒక్కటే చేయకూడని పని. 2021లో చాలామంది చేసింది అదే.

దాని ఫలితమూ చూశాం. ఆ మే నెలలోనే బ్లాక్ ఫంగస్ కేసులు వచ్చి పడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం దాన్ని అంటువ్యాధుల చట్టం కిందికి తెచ్చింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ చికిత్సకు కేంద్రంగా చేశారు. అదుపు లేని షుగర్, లెక్క లేని స్టెరాయిడ్ కలిసిన చోట ఆ బూజు పాగా వేసింది. అందుకని ఇంటికి వెళ్లాక కూడా రెండు మూడు వారాలు షుగర్ చూపించుకుంటూ ఉండండి. ముఖంలో ఒక పక్క నొప్పి, తిమ్మిరి, ముక్కులోంచి నల్లటి స్రావం, కన్ను వాపు, ఒకటి రెండుగా కనబడటం, పై పళ్లు కదలడం, అంగిట్లో నల్ల మచ్చ, వీటిలో ఏది కనబడినా అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పంటి నొప్పి అనుకుని లవంగ నూనె పెట్టుకుంటూ నాలుగు రోజులు కూర్చున్న మనిషికి పై దవడ ఎముక తీయవలసి వచ్చింది.

మొదట చెప్పిన ఆ పెద్దాయన, పది లీటర్ల ఆక్సిజన్ మీద ఉన్నాయన, పదమూడో రోజున నడిచి ఇంటికి వెళ్లాడు. నెల తరువాత కొడుకు మామిడిపళ్ల బుట్టతో వచ్చాడు. వెళ్లబోతూ జేబులోంచి సగం వాడిన డెక్సామెథాసోన్ స్ట్రిప్ ఒకటి తీశాడు. అప్పట్లో భయంతో బయట కొని ఉంచుకున్నవట. "మా వీధిలో ఒకాయనకు దగ్గు, జ్వరం సిస్టర్. నిన్ననే మొదలైంది. ఇవి ఇవ్వమంటారా?" అన్నాడు. చెయ్యి చాపి స్ట్రిప్ తీసుకున్నాను. బిళ్లలన్నీ ఒక్కొక్కటిగా చిదిపి చెత్తబుట్టలో వేసి, ఆక్సీమీటర్ ఉంటే అది పట్టుకెళ్లి ఆయన వేలికి పెట్టి చూడమన్నాను.